మూడవ సాలార్‌జంగు నవాబు గారు – విడదీయని ఆస్తి

మన సంఘం ప్రత్యేక సంచికకు కీర్తిశేషులైన ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కబురు చేసేటప్పటికి గాంధీ మహాత్ముణ్ణి, అంబేద్కర్ గారిని, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారిని తక్కిన మిత్రులు పంచుకొని ఉన్నారు. నేను హైదరాబాదు నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ గారి పేరు చెప్పాను. అంటే మూడవ సాలార్‌జంగు. కార్యదర్శి గారు ఒక నిమిషం ఊరకుండి, జైలుకు పోయినవారు కాదు, గ్రంథం రాసినవారు కాదు, ఆయన చేసిందేమిటని అడిగారు. వస్తువులు కొన్నారు, దాచారు, పోయారు అన్నాను. అంతే అయితే రాయవలసిన పనే లేదు. కాని ఈ మధ్య మా వీధిలో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఆయన నాకు పదే పదే గుర్తుకు వస్తున్నారు. ముందు అది చెప్పి తర్వాత నవాబు గారి దగ్గరికి వస్తాను. మిత్రులు ఓపిక పట్టాలి.

మా ఆత్మకూరులో నాకు బాగా తెలిసిన ఒక పెద్దమనిషి కిందటేడు కాలం చేశారు. ఇల్లు సర్దుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన పాత ఎయిర్‌గన్ ఒకటి బయటపడింది. బి.ఎస్.ఏ. కంపెనీది, ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో చేసినది. బి.ఎస్.ఏ. అంటే మన తరానికి సైకిలే గాని, ఆ కంపెనీ మొదట తుపాకులది. సైకిళ్ళు తర్వాత వచ్చినవి. మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు వారి ముద్ర. లింకన్ జెఫ్రీస్ అనే తుపాకుల పనివాడి నమూనా ప్రకారం వారు 1905 నుంచి గాలి తుపాకులు చేశారు. అందులో మందు లేదు, నిప్పు లేదు. కింది లీవరు లాగితే లోపల స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గరు నొక్కితే తోలు వాషరు గల పిస్టను ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. ఆ గాలి దెబ్బకు సీసపు గుండు పోతుంది. మా చిన్నతనంలో పిట్టలు కొట్టే తుపాకి అనేవాళ్ళం.

పెద్దాయనకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు పట్నంలో ఒక పాతసామాన్ల వ్యాపారికి ఫొటోలు పంపాడు. ఆ వ్యాపారి మొత్తం తుపాకి తనకు వద్దన్నాడట. గుండు పెట్టే ట్యాపు, ట్రిగ్గరు దిమ్మె, వెనుక సైటు, అసలు స్క్రూలు విప్పి ఇస్తే, మొత్తానికి వచ్చే ధర కన్న ఎక్కువే ఇస్తానన్నాడట. పెద్దవాడికి ఇది మింగుడు పడలేదు. తండ్రి తుపాకిని కోడిని కోసినట్టు కోస్తారా అని అతని బాధ. కచేరీలో వేలంపాటల ఫైళ్ళు చూసిన వాడినని ఇద్దరూ నా దగ్గరికి వచ్చి, భాగం భాగానికి వెల కట్టి ఇమ్మన్నారు.

వ్యాపారి మోసగాడేమీ కాదు. పాత తుపాకుల లెక్క అట్లాగే ఉంటుంది. ఎక్కడో ఒకరి దగ్గర అదే రకం తుపాకి ట్యాపు పోయి మూలన పడి ఉంటుంది. ఆయనకు ఆ ఒక్క ముక్క కావాలి. కొత్తది దొరకదు, చేయిస్తే అసలు కాదు. కాబట్టి ముక్కకు గిరాకీ. మరి మొత్తానికి వెల ఎప్పుడంటే, దాని మీది నంబర్లు ఒకదానికొకటి సరిపోయినప్పుడు, స్క్రూల తలలు చెడనప్పుడు, మెరుగు పెట్టించి పాత రంగు పోగొట్టనప్పుడు. స్ప్రింగు, వాషరు అరిగేవే గనుక మార్చినా తప్పు లేదు. పాతవి మాత్రం ఒక పొట్లంలో కట్టి దానితోనే ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యం, అది ఎవరిది, ఎప్పుడు కొన్నారు అన్న కాగితం. ఒకసారి విప్పి నాలుగు ఊళ్ళకు అమ్మితే మళ్ళీ ఆ తుపాకి ఆ తుపాకి కాదు. ఇంత తెలిసినా నా కలం కదల్లేదు. నాలుగు రోజులు గడువు అడిగాను. ఆ నాలుగు రోజులూ నా మనసులో మెదిలింది సాలార్‌జంగు నవాబు గారే.

ఇక ఆయన సంగతి. సాలార్‌జంగు అన్నది పేరు కాదు, బిరుదు. ఆ వంశంలో ముగ్గురు ఆ బిరుదుతో నిజాముల దగ్గర దివానులుగా చేశారు. దివాను అంటే ప్రధానమంత్రి. మొదటివారు మీర్ తురాబ్ అలీ ఖాన్, 1853 నుంచి 1883లో పోయేదాకా ముప్పై ఏండ్లు దివానుగిరీ చేసినవారు. ఇజారాదార్ల చేతుల్లో ఉన్న వసూళ్ళను సర్కారు కిందికి తెచ్చి, జిల్లాబందీ పెట్టి, జిల్లాకొక తాలూక్‌దారును, కింద తహసీల్దారును వేసి, నెల జీతాలు ఏర్పరచింది ఆయనే. తహసీలు కచేరీలో పని చేసి పింఛను తింటున్న మనలాంటివారు ఆయనకు ఒక నమస్కారం బాకీ ఉన్నామని నేను అనుకుంటాను. 1876లో ఆయన ఐరోపా వెళ్ళినప్పుడు రోములో బెంజోని అనే శిల్పి చేసిన ముసుగు రెబెక్కా బొమ్మను కొన్నారు. పాలరాయిలో చెక్కిన మేలిముసుగు వెనుక ముఖం కనబడుతుంది. హైదరాబాదు పోయిన ప్రతివారూ చూసి నోరు తెరిచే బొమ్మ అదే. రెండవవారు ఆయన కుమారుడు మీర్ లాయక్ అలీ ఖాన్, 1884 నుంచి 1887 వరకు దివాను. పెద్ద వయసు రాకుండానే కన్నుమూశారు.

ఆయన కుమారుడే మన కథానాయకుడు. 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. పుట్టి నెల తిరగకముందే తండ్రి పోయారు. అంటే పొత్తిళ్ళలోనే ఆయన ఒక పెద్ద జాగీరుకు వారసుడు. ఆ జాగీరు ఒకచోట లేదు. ఇటు కోస్గి, అటు ఇప్పటి కర్ణాటకలోని కొప్పళ, యెల్బుర్గ, ఇంకా ఎక్కడెక్కడివో తాలూకాలు. కోస్గి అంటే మన పాలమూరు వైపుదే గనుక ఆ ప్రాంతపు మిత్రుల తాతలు శిస్తు కట్టింది ఈ పిల్లవాడి పేరనే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారు బాలుణ్ణి కనిపెట్టి చూశారు. ఎస్టేటు వ్యవహారం సర్కారు పర్యవేక్షణలో నడిచింది. చదువు నిజాం కాలేజీలో. తండ్రి ముఖం ఎరగని పిల్లవాడు తాత తెచ్చిన బొమ్మలు, తండ్రి వాడిన కత్తులు, కుర్చీలు, గడియారాల మధ్య పెరిగాడు. మనిషి లేని ఇంట్లో అతని వస్తువే కదా మిగిలేది. ఆయనకు వస్తువుల మీద మమకారం అక్కడే మొదలై ఉంటుందని నా ఊహ. ఊహే గాని రుజువు లేదు.

1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు, మహారాజా కిషన్ పర్షాద్ గారి స్థానంలో ఈయనను దివానుగా నియమించారు. అప్పటికి ఈయన వయసు ఇరవై మూడు. ఆ వయసులో మనలో చాలామంది సర్వీసు కమిషన్ పరీక్షల చుట్టూ తిరుగుతున్నవాళ్ళమే. రెండేండ్లు గడిచాయి. 1914 నవంబరులో ఈయన రాజీనామా ఇచ్చారు. ఆ తర్వాత నిజాము దివాను లేకుండా తానే పాలన నడిపించారు. 1919లో కార్యనిర్వాహక మండలి వచ్చేదాకా అట్లాగే నడిచింది. రాజీనామాకు కారణాలేమిటన్నది నా బోటివాడు తేల్చేది కాదు. ఇరవై అయిదేండ్లకే పదవీ విరమణ. మనకు యాభై ఎనిమిదికి వస్తేనే ఏమి చెయ్యాలో తోచలేదు.

ఆయనకు తోచింది. మిగిలిన ముప్పై అయిదేండ్ల జీవితం, జాగీరు రాబడిలో పెద్ద భాగం వస్తువుల సేకరణకే పెట్టారు. పెండ్లి చేసుకోలేదు. దివాన్ దేవిడీ అనే వంశపు మహలులో ఉండేవారు. దేశదేశాల నుంచి వ్యాపారులు సరుకు తీసుకొని ఆ గుమ్మం ముందుకు వచ్చేవారు. ఆయన కూడా ఐరోపా వెళ్ళి కొన్నారు. చీనా పింగాణి, జపాను పట్టు పని, పర్షియా తివాచీలు, ఫ్రాన్సు ఫర్నిచరు, మొగలాయి చిత్రాలు, అరబ్బీ ఫారసీ ఉర్దూ రాతప్రతులు, చేతికర్రలు, పిల్లల ఆటబొమ్మలు, సీసపు సిపాయిలు. ఒక రకమని లేదు. ఇది కొనాలి, ఇది కొనగూడదు అనే నియమం ఆయనకు ఉన్నట్టు కనబడదు. పండితులు దీన్ని లోపమంటారు. ఐరోపా చిత్రపటాలలో అసలువాటి పక్కన నకళ్ళు కూడా ఉన్నాయి. నకలుకు అసలు ధర ఇచ్చిన సందర్భాలూ ఉండి ఉంటాయి. నాకు మాత్రం సీసపు సిపాయిలను కొన్న నవాబు మీద గౌరవం పెరిగింది. బజారులో ధర పలికేదాన్నే కొంటే అది వ్యాపారం అవుతుంది.

ఆయుధాల విభాగం చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే నా ఎయిర్‌గన్‌కు సంబంధం అక్కడే ఉంది. కత్తులు, బాకులు, కవచాలు, తుపాకులు గోడల నిండా ఉంటాయి. ఔరంగజేబు, టిప్పు సుల్తాను వంటి వారివని చెప్పేవి కొన్ని. పచ్చరాయి వస్తువుల గదిలో జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసిన చాకు అని చూపేవి ఉన్నాయి. అదే గదిలో ఒక చిన్న ఉంగరం ఉంది. వేలికి అలంకారం కాదు. విల్లు లాగేటప్పుడు నారి కోసుకోకుండా బొటనవేలికి తొడిగేది. దాని మీద షాజహాను బిరుదు చెక్కి ఉంది. ఆలోచించండి. విల్లు లేదు, నారి లేదు, అంబులపొది లేదు. మిగిలింది ఒక భాగం, అదీ చిన్నది. ఆ భాగానికి విలువ ఎక్కడిది? రాయి వల్ల కొంత, పనితనం వల్ల కొంత. ఎక్కువ భాగం ఆ అక్షరాల వల్ల. ఎవరిదో చెప్పే రాత అది. ఆ అక్షరాలే అరిగిపోతే అది పచ్చరాయి తూకానికి పోయే ఉంగరం. మన భాషలో చెప్పాలంటే స్టాకు రిజిస్టరులో ఎంట్రీ ఉన్న సామానుకు, లేని సామానుకు ఉన్న తేడా అంతే.

నవాబు గారు ఈ వస్తువులన్నిటికీ ఒక మ్యూజియం కట్టించాలని తలచారు. అది ఆయన కాలంలో కాలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1949 మార్చి 2న నవాబు గారు పోయారు. అదే ఏడు ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. అంటే ఈ వస్తువులను కొన్న రాబడి, కొన్న మనిషి అయిదు నెలల తేడాతో పోయారు. మన ఆత్మకూరు సంస్థానం, గద్వాల, వనపర్తి సంస్థానాల దొడ్లలోని సామాన్లు ఆ రోజుల తర్వాత ఏ చేతికి ఏది పోయిందో ఈ వైపు పెద్దలకు తెలుసు. ఆ కథ మళ్ళీ ఎప్పుడైనా.

సంతానం లేని మనిషి, వేలకొద్దీ వస్తువులు, బంధువులు అనేకులు. ఇక చెప్పాలా? కచేరీలో పని చేసినవారెవరైనా తరువాతి ఫైలు ఎట్లా నడుస్తుందో కండ్లు మూసుకొని చెప్పగలరు. వాటాలు, అభ్యంతరాలు, కోర్టు. పంచుకొని అమ్ముకుంటే వాళ్ళకు రావలసింది వచ్చేది. ముక్కలుగా అమ్మితే, నా వ్యాపారి లెక్క ప్రకారం, ఇంకా ఎక్కువే వచ్చేది. లండన్‌లో, పారిస్‌లో ఒక్కొక్క రకానికి ఒక్కొక్క వేలంపాట ఉంటుంది. పింగాణి ఒకరికి, కత్తులు ఒకరికి, రాతప్రతులు ఒకరికి.

అట్లా జరగలేదు. హైదరాబాదు రాష్ట్ర పాలకులుగా ఉన్న వెల్లోడి గారి హయాములో సేకరణను మ్యూజియంగా చేయాలనే ఆలోచన సాగింది. వస్తువులను పేర్చే పని డాక్టర్ జేమ్స్ కజిన్స్ గారికి అప్పగించారు. ఐర్లండు కవి ఆయన, దివ్యజ్ఞాన సమాజం మనిషి. 1919లో రవీంద్రనాథ టాగోరు మదనపల్లె వచ్చి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేసినప్పుడు అక్కడి కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్నవారు. చిందరవందరగా ఉన్న దేవిడీని గదులవారీగా సర్దడం ఎంత పనో ఒక్క రికార్డు రూము సర్దిన వారికి తెలుస్తుంది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే పండిట్ నెహ్రూ గారు మ్యూజియాన్ని ప్రారంభించారు. వారసుల వ్యాజ్యం మాత్రం నడుస్తూనే ఉండి, 1958లో హైకోర్టు డిక్రీ మూలంగా రాజీపత్రం అయి, కుటుంబం వారు మొత్తం సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చివేశారు. మొత్తం అన్న మాటను మిత్రులు గమనించాలి. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో కొత్త భవనానికి 1963లో నెహ్రూ గారే శంకుస్థాపన చేశారు. 1968లో సామాన్లు అక్కడికి చేరాయి. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు ప్రారంభించారు. ఇప్పుడు లెక్కకు నలభై వేలు దాటిన కళాఖండాలు, వేలకొద్దీ రాతప్రతులు, గ్రంథాలు. పాత దివాన్ దేవిడీలో కమానులు తప్ప పెద్దగా మిగలలేదు.

ఇంతటితో అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. నవాబు గారు బ్రతికి ఉన్నప్పుడే చుట్టూ ఉన్నవారు చేతికి అందినవి పట్టుకుపోయారనీ, దేవిడీ నుంచి కొత్త భవనానికి మార్చేటప్పుడు మరికొన్ని పోయాయనీ, ఇప్పుడున్నది అసలులో సగమేననీ చెప్పుకుంటారు. సగమన్నది నిజమో కాదో గాని, ఒంటరి మనిషి ఇంట్లో వస్తువుకు కాళ్ళు వస్తాయన్నది అబద్ధం కాదు. ఎంత జాగ్రత్తగా కొన్నారో అంత జాగ్రత్తగా జాబితా రాయించి ఉంటే బాగుండేది. గుమాస్తాగా నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే.

నేను మొదటిసారి ఆ మ్యూజియం చూసింది 1969లో. మా బావ గారితో పోయాను. మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే జనమంతా ఒక పెద్ద గడియారం ముందు కూర్చున్నారు. ఇంగ్లండులో తయారై, కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ వారు కూర్చిన గడియారం అది. మూడు వందల యాభైకి పైగా భాగాలు ఉన్నాయట. పక్కనే ఒక కమ్మరి బొమ్మ సెకండు సెకండుకు సుత్తి కొడుతుంటుంది. గంట అయ్యే ముందు గడ్డం గల చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి, ఎన్ని గంటలో అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుసార్లూ జనం గొంతెత్తి లెక్క పెట్టారు. నేనూ పెట్టాను. ఆ మూడు వందల యాభైలో ఒక్క పళ్ళచక్రం విప్పి ఎవరికైనా అమ్మి ఉంటే ఆ బొమ్మ తలుపు తీసేది కాదు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా ఒక కార్యాలయంలో పనికిరాని సామాన్ల వేలానికి జాబితా రాయవలసి వచ్చింది. కుర్చీలు, ఇనుప పెట్టె, ఆగిపోయిన ఒక గోడగడియారం. ఫారంలో గడియారానికి కాలమ్ లేదు. కట్టె, ఇత్తడి, ఇనుము, గాజు అని ఉన్నాయి. పై అధికారి తొందరపెట్టగా నేను గడియారాన్ని విప్పించి, పెట్టెను కట్టె కింద, లోలకాన్ని ఇత్తడి కింద తూకం వేసి రాసేశాను. నాలుగు చేతులకు పోయింది. ఫైలు మూసేశారు. ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. రిటైరైన రోజు నా బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే దాని తాళంచెవి దొరికింది. చావి ఇచ్చే ఇత్తడి చెవి. జాబితాలో రాయడం మరచిపోయిందే అది. గడియారం ఆగింది చెడిపోయి కాదేమో, చెవి నా సొరుగులో ఉండడం వల్లనే చావి ఇవ్వక ఆగిందేమో అన్న అనుమానం అప్పుడు వచ్చింది. ఆ చెవి ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానికి ఏ రిజిస్టరులోనూ ఎంట్రీ లేదు.

నాలుగో రోజు అన్నదమ్ములిద్దరినీ పిలిచాను. తుపాకిని విప్పకుండానే ఒక జాబితా రాశాను. పై నుంచి కనబడే భాగాలు పద్నాలుగు వరుసలు వచ్చాయి. ట్రిగ్గరు దిమ్మె మీది నంబరు, గొట్టం మీది ముద్ర, కట్టె మీద పెద్దాయన చెక్కుకున్న పేరు మొదటి అక్షరం రాసి, చివర పెద్దాయన ఫలానా సంవత్సరం ఫలానా ఊరిలో కొన్నారని ఇద్దరికీ తెలిసినంత రాసి సంతకాలు తీసుకున్నాను. ఆయుధాల చట్టం కింద ఇలాంటి దానికి లైసెన్సు అక్కరలేదా, ఉందా అన్నది ముందు పోలీసు స్టేషనులో అడిగి రమ్మన్నాను. వెల రాసే కాలమ్ మాత్రం ఖాళీగా వదిలాను. చిన్నవాడు ఆ ఖాళీ చూసి నొచ్చుకున్నాడు. అతనికి డబ్బు అవసరం ఉన్నది నిజమే, ఆ సంగతి నాకు తెలుసు. వ్యాపారి చెప్పిన మొత్తంలో అతని వాటా పెద్దవాడు ఇచ్చుకోగలడా అని అడిగితే, వాయిదాల మీద ఇస్తానన్నాడు. చిన్నవాడు ఇంకా ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. పండుగకు వచ్చినప్పుడు చెబుతానన్నాడు. అంతవరకు తుపాకి అదే గోనెసంచిలో, జాబితాతో సహా, మా ఇంటి అల్మారాలో ఉంది.